టర్బోనా, సూపర్‌చార్జరా? పాత మియాటాకు బూస్ట్ ఎలా బిగించాలి

"అన్నా, నా మియాటాకి టర్బో వేయించనా, సూపర్‌చార్జరా?"

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే కిట్ కొనేసి ఉంటారు, డబ్బా విప్పడమే ఆలస్యం. మిగతా సగం మంది ఇంజిన్ కంప్రెషన్ ఒక్కసారైనా చూసి ఉండరు. అందుకే ఓపిక చేసుకుని అంతా ఒకచోట రాస్తున్నాను. ఇక అడిగినవాళ్లందరికీ ఇదే పంపిస్తా.

ఇది 1989 నుంచి 2005 దాకా వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కోసం. అమెరికాలో దాన్నే మియాటా అంటారు. మొదట వచ్చిన 1.6 లీటర్ల ఇంజిన్ అమెరికాలో 116 హార్స్‌పవర్. 1994లో 1.8 వచ్చి 128 అయింది. 1999లో రెండో తరం వచ్చేసరికి 140. మీది వేరే బండి అయితే అంకెలు మారతాయి గానీ పని వరుస మారదు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కొలిమి దగ్గర తిత్తి ఊదడం చూసినవాళ్లకి తెలుసు, గాలి ఎక్కువ కొడితే నిప్పు ఎక్కువ రాజుకుంటుంది. ఆ తిత్తిని ఇంజిన్ వదిలే పొగ తిప్పితే టర్బో, క్రాంక్ పుల్లీ నుంచి బెల్టు తిప్పితే సూపర్‌చార్జర్. అలా కొట్టే అదనపు గాలి ఒత్తిడే బూస్ట్, పీఎస్‌ఐలో కొలుస్తారు. బొగ్గు తక్కువ వేసి గాలి ఎక్కువ కొడితే కొలిమిలో నష్టమేమీ లేదు. ఇంజిన్‌లో మాత్రం పిస్టన్ కరుగుతుంది.

ముందు ఎంపిక సంగతి

మీరు రోజూ బండిని ఎన్ని ఆర్‌పీఎంలో నడుపుతారో ఒక వారం గమనించండి. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి, 2000 – 3500 మధ్యే తిరుగుతుంటే ఈటన్ ఎం45, ఎం62 లాంటి రూట్స్ రకం సూపర్‌చార్జర్ మీకు సుఖం. కాలు పెట్టిన వెంటనే తోస్తుంది, పెద్ద ఇంజిన్ వేసినట్టు ఉంటుంది. రోట్రెక్స్ లాంటి సెంట్రిఫ్యూగల్ రకం పేరుకి సూపర్‌చార్జరే అయినా స్వభావం వేరు. ఆర్‌పీఎంతో పాటే బూస్ట్ పెరుగుతుంది, పూర్తి బూస్ట్ ఎర్రగీత దగ్గరే దొరుకుతుంది. ట్రాక్ మీద బాగుంటుంది, కూరగాయలకి వెళ్లేటప్పుడు అది ఉందన్న సంగతే తెలియదు. గారెట్ జీటీ2560ఆర్ లాంటి టర్బో ఈ ఇంజిన్ మీద 3000 దాటాక మేల్కొంటుంది, ఆ తర్వాత వెనక్కి చూసుకోదు.

ఇక వేడి. దీన్ని ఎవరూ లెక్క వేయరు, కాబట్టి నేనే వేసి చూపిస్తాను. డాలస్‌లో ఆగస్టు ఎండ, బయట 40 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. 7 పీఎస్‌ఐ బూస్ట్. 55 శాతం సామర్థ్యంతో నొక్కే రూట్స్ సూపర్‌చార్జర్ నుంచి గాలి దాదాపు 107 డిగ్రీలతో బయటికి వస్తుంది. 70 శాతం సామర్థ్యం ఉన్న టర్బో నుంచి 92. టర్బో కిట్‌లో ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్) ఉంటుంది కాబట్టి అది ఇంకా దిగి 56 దగ్గర ఇంజిన్‌లోకి పోతుంది. వేడి గాలి పల్చన. అందుకే ఒకే 7 పీఎస్‌ఐకి ఇంటర్‌కూలర్ లేని సూపర్‌చార్జర్ దాదాపు 20 శాతం ఎక్కువ గాలి ఇస్తే, ఇంటర్‌కూలర్ ఉన్న టర్బో 40 శాతం ఇస్తుంది. పైగా సూపర్‌చార్జర్ తన బెల్టు తిప్పుకోవడానికి క్రాంక్ దగ్గరే కొంత తినేస్తుంది. టర్బో గెలిచిందని జనం అనుకునే చోట చాలావరకు గెలిచింది ఇంటర్‌కూలర్. సూపర్‌చార్జర్‌కీ ఇంటర్‌కూలర్ పెట్టగలిగితే తేడా బాగా తగ్గిపోతుంది.

నన్నడిగితే: ఇదే మీ ఒక్క బండి, ఆఫీసుకీ ఇదే, చేతి పని అలవాటు తక్కువ అయితే సూపర్‌చార్జర్ వేసి 6 – 7 పీఎస్‌ఐ దగ్గర సంతోషంగా ఆగండి. ఇంట్లో ఇంకో బండి ఉంది, ఆయిల్ పాన్‌కి రంధ్రం వేయడానికి చెయ్యి వణకదు అనుకుంటే టర్బో. డాలర్‌కి ఎక్కువ హార్స్‌పవర్ అక్కడే. మాజ్డా తానే 2004, 2005లో అమ్మిన మాజ్డాస్పీడ్ మియాటా టర్బోదే, అదీ 178 హార్స్‌పవర్ దగ్గర ఆపారు. ఆ అంకె మనసులో పెట్టుకోండి. కంపెనీ వాళ్లు పిరికివాళ్లేమీ కాదు.

చట్టం గురించి క్లుప్తంగా. కాలిఫోర్నియాలో ఉంటే కిట్‌కి కార్బ్ (అక్కడి వాయు కాలుష్య బోర్డు) ఇచ్చిన ఈవో (అనుమతి) నంబరు ఉందా, అది మీ సంవత్సరం మోడల్‌కి వర్తిస్తుందా చూసుకోకుండా కొనొద్దు. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టూ ఉన్న కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. అది 2 నుంచి 24 ఏళ్ల వయసు బళ్లకే. మీ బండికి 25 నిండినా కాటలిటిక్ కన్వర్టర్ పీకేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధమే. హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగే తమ్ముళ్లకి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. రిజిస్ట్రేషన్ పత్రంలో కంపెనీ చెప్పిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. నా సలహా అయితే అక్కడ రోడ్డు బండి మీద ఈ పని వద్దు.

కావలసినవి

కిట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కిట్ ధర చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లు మాత్రం ఇంకో సగం కలుపుకోండి, ఎందుకంటే కింద ఉన్నవి చాలా కిట్లలో రావు.

– కంప్రెషన్ గేజ్, టైమింగ్ లైట్, టార్క్ పానా
– వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (గాలి–పెట్రోలు నిష్పత్తి చూపేది), దాని గేజ్
– మెగాస్క్విర్ట్ లాంటి ట్యూన్ చేసుకోగల ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), దాని అంకెలు రికార్డు చేసి లాగ్ తీయడానికి ఒక లాప్‌టాప్
– పెద్ద ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంప్ (లెక్క కింద ఉంది)
– నిజమైన ఆయిల్ ప్రెషర్ గేజ్. 1995 నుంచి వచ్చిన మియాటాల్లో డాష్‌బోర్డు మీద ఆయిల్ ముల్లు ఉత్త అలంకారం. వెనక ఉన్నది ఆన్–ఆఫ్ స్విచ్. ప్రెషర్ కాస్త ఉంటే చాలు, ముల్లు మధ్యకి వచ్చి హాయిగా కూర్చుంటుంది
– కొత్త గాస్కెట్లు, రాగి వాషర్లు, బూస్ట్‌కి పనికొచ్చే హోసు, క్లాంపులు
– నాలుగు జాక్ స్టాండ్లు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు

క్లచ్ కూడా. 1.6కి వచ్చింది 200 మిల్లీమీటర్ల క్లచ్. బూస్ట్ పెట్టిన నెలలోనే జారుతుంది. 1990 – 93 బళ్లకి వెనక డిఫరెన్షియల్ కూడా చిన్నదే, 6 అంగుళాల గేరు. 1994 నుంచి వచ్చిన 7 అంగుళాలది దొరికితే మార్చేయండి.

పని వరుస

1. ఇంజిన్ ఆరోగ్యం చూడండి. ఇంజిన్ వేడెక్కించి ఆపండి. నాలుగు ప్లగ్గులూ తీయండి. మొదటి తరం బండిలో హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ పీకేస్తే పెట్రోలూ రాదు, స్పార్కూ రాదు. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండరుకి ఐదారు తిప్పులు తిప్పి అంకె రాసుకోండి. నాలుగింటి మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. ఒకటి తక్కువొస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో. రెండిట్లో ఏదైనా సరే, కిట్ డబ్బా మూసి అలమరాలో పెట్టండి. ముందు ఇంజిన్.

1990, 91 బళ్ల వాళ్లకి ఇంకో పరీక్ష: క్రాంక్ పుల్లీ మధ్య బోల్టు చుట్టూ ఎన్ని గాట్లున్నాయో చూడండి. 4 ఉంటే అది పొట్టి ముక్కు క్రాంక్. దాని బోల్టు దగ్గర పుల్లీని పట్టుకునే చిన్న ఇనుప కీ అరిగి ఊగే జబ్బు ఉంది. అలాంటి క్రాంక్ మీద సూపర్‌చార్జర్ బెల్టు బిగించి లాగడం నేనైతే చేయను. 8 గాట్లుంటే దిగులు లేదు.

2. పెట్రోలు లెక్క వేయండి. ఇది తప్పితే తర్వాతవన్నీ వృథా. లక్ష్యం 200 హార్స్‌పవర్ అనుకోండి. బూస్ట్ ఇంజిన్ గంటకి హార్స్‌పవర్‌కి 0.6 పౌండ్ల పెట్రోలు తాగుతుందని పట్టుకోండి. 200 × 0.6 = 120 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లు, 80 శాతం కంటే ఎక్కువ తెరిచి ఉంచకూడదు కాబట్టి 120ని 3.2తో భాగిస్తే ఒక్కోటి 37.5 పౌండ్లు. 10.5తో గుణిస్తే నిమిషానికి 394 సీసీ. అంటే 400కి తగ్గకుండా కొనండి. కంపెనీ ఇంజెక్టర్లు ఇందులో సగం కాస్త అటూఇటూ ఉంటాయి. పంపు గంటకి 190 లీటర్లది సరిపోతుంది.

ఇంజెక్టర్లు వాడినవి కొంటే శుభ్రం చేయించి, ఫ్లో పరీక్ష చేయించి, నాలుగు అంకెలూ రాసిన కాగితం అడిగి తీసుకోండి. కాగితం లేదన్నవాడి దగ్గర కొనొద్దు.

3. ఈసీయూ, ఇంజెక్టర్లు, వైడ్‌బ్యాండ్ ముందు బిగించండి. టర్బో ఇంకా డబ్బాలోనే ఉండనివ్వండి. ఈ ఒక్క మాట వింటే చాలా ఇంజిన్లు బతికేవి. బూస్ట్ లేకుండా రెండు వారాలు రోజూ నడపండి. చల్లగా స్టార్ట్ అవుతోందా, ఏసీ వేస్తే ఐడిల్ పడిపోతోందా, సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా, అన్నీ ఇప్పుడే సరిచేసుకోండి. అన్నీ ఒకే శనివారం బిగించేస్తే ఆదివారం వచ్చే సమస్య ఈసీయూదో, వైరింగుదో, గాలి లీకుదో దేవుడికి కూడా తెలియదు.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ని పైపుకి పక్కకీ పైకీ మధ్య, అంటే గడియారంలో 10కీ 2కీ మధ్య ఉండేలా పెట్టండి. కిందికి పెడితే నీరు చేరి సెన్సర్ పగులుతుంది. టర్బో అయితే టర్బో తర్వాత రెండు మూడు అడుగుల దూరంలో.

4. టైమింగ్ లైట్‌తో నిజం తేల్చుకోండి. ఈసీయూలో టైమింగ్‌ని (స్పార్క్ ఎప్పుడు పడాలో ఆ కొలతని) 10 డిగ్రీల దగ్గర స్థిరంగా పెట్టి, లైట్ పుల్లీ మీద వేయండి. గుర్తు కూడా 10 దగ్గరే కనిపించాలి. ఆర్‌పీఎం పెంచినా కదలకూడదు. ఒక మిత్రుడి బండిలో తెర మీద 10 అని ఉంది, పుల్లీ మీద 18 కనిపించింది. మిశ్రమం అంకెలన్నీ అందంగా ఉన్నాయి. అలాగే బూస్ట్ పెట్టి ఉంటే 8 డిగ్రీలు ముందే నిప్పు అంటుకునేది. ఆ ఈసీయూ పెట్టినవాళ్లు లైట్ బయటికే తీయలేదు. పేరెందుకు లెండి.

5. ప్లగ్గులు మార్చండి. కంపెనీ వాడే ఎన్‌జీకే ప్లగ్ పేరు చివర 11 అని ఉంటుంది, అంటే సందు 1.1 మిల్లీమీటర్లు. బూస్ట్‌లో ఆ సందు దాటలేక స్పార్క్ ఆరిపోతుంది. బండి దగ్గుతుంది. ఒకటి లేదా రెండు మెట్లు చల్లటివి, బీకేఆర్6ఈ లేదా 7ఈ, సందు 0.7 మిల్లీమీటర్లు పెట్టండి.

6అ. టర్బో బిగించడం. బ్యాటరీ తీగ తీసి, కూలెంట్ దించి, పాత ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ విప్పండి. నట్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మ్యానిఫోల్డ్‌కీ టర్బోకీ మధ్య ఉండే స్టడ్లు ఈ బండికి శాపం. ఎర్రగా కాగి చల్లారి, కాగి చల్లారి, వదులైపోతాయి. మామూలు స్టీలు స్టడ్లు వద్దు. ఇన్‌కోనెల్ స్టడ్లు, లాకింగ్ వాషర్లు కొనండి. ఖరీదే, కానీ ఒక్కసారే.

ఆయిల్ ఫీడ్ ఫిల్టర్ దగ్గరున్న ప్రెషర్ పోర్టు నుంచి వస్తుంది. బాల్ బేరింగ్ టర్బో అయితే దాదాపు 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న రిస్ట్రిక్టర్ కావాలి. జర్నల్ బేరింగ్ టర్బోకి మామూలుగా అక్కర్లేదు. ఈ ఫిట్టింగులకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. చిన్న పోగు తెగి ఆ మిల్లీమీటరు రంధ్రంలో కూర్చుంటే కొత్త టర్బో పది నిమిషాల్లో పోతుంది.

ఇక డ్రెయిన్. టర్బో నుంచి ఆయిల్ బయటికి ప్రెషర్‌తో రాదు, నురుగులా జారుతుంది. కాబట్టి గొట్టం లావుగా, అంటే 10 ఏఎన్ సైజు, వీలైనంత నిటారుగా ఉండాలి. ఎక్కడా పైకి ఎక్కకూడదు, ఎక్కడా నొక్కుకుపోకూడదు. పాన్‌లో ఆయిల్ నిలిచే మట్టానికి పైన కలవాలి. పాన్ దించకుండానే రంధ్రం వేయొచ్చు: డ్రిల్ బిట్‌కీ ట్యాప్‌కీ గ్రీజు దట్టంగా పూసి, రెండు తిప్పులకోసారి తీసి తుడిచి, మళ్లీ పూసి, మళ్లీ వేసి మరలు కోయండి. చివర పాన్‌లో ఒక లీటరు చవక ఆయిల్ పోసి కిందికి వదిలి కడిగేయండి. అయస్కాంతం పెట్టి చూద్దామనుకోకండి, పాన్ అల్యూమినియం, ముక్కలు అంటుకోవు.

నా మొదటి టర్బో నీలం పొగ కక్కితే సీల్ పోయిందనుకుని విప్పి పార్సిల్ కట్టి మరీ వెనక్కి పంపాను. బాగానే ఉందని తిరిగొచ్చింది. మళ్లీ బిగిస్తుంటే కనపడింది, డ్రెయిన్ హోసు ఇంజిన్ మౌంట్ దగ్గర మడతపడి సగం మూసుకుని ఉంది. ఆయిల్ పోయేదారి లేక సీలు దాటి వచ్చింది. పది డాలర్ల మోచేతి ఫిట్టింగ్‌తో పోయేదానికి మూడు వారాలు.

6ఆ. సూపర్‌చార్జర్ బిగించడం. ఇందులో ఆయిల్ గొడవ తక్కువ. ఈటన్ రకానికి లోపల సొంత ఆయిల్ ఉంటుంది. రోట్రెక్స్‌కి ప్రత్యేకమైన ద్రవం, దానికి సొంత డబ్బా, సొంత కూలర్. అందులో మామూలు ఇంజిన్ ఆయిల్ పోశారంటే తిప్పే పట్టు జారి యూనిట్ పాడవుతుంది.

ఇక్కడ అసలు పని పుల్లీల వరుస. క్రాంక్ పుల్లీ, సూపర్‌చార్జర్ పుల్లీ, బెల్టుని నొక్కి పట్టే ఐడ్లర్ ఒకే గీతలో ఉండాలి. ఒక నిటారు ఇనుప బద్ద ఆనించి చూడండి, మిల్లీమీటరు తేడా ఉన్నా బెల్టు అంచు కొరుక్కుపోతుంది. సూపర్‌చార్జర్ పుల్లీ చుట్టూ బెల్టు కనీసం సగం చుట్టు పట్టుకుని ఉండాలి. చిన్న పుల్లీ వేసి బూస్ట్ పెంచేముందు గుణకారం చేయండి: క్రాంక్ పుల్లీ దానికి రెండింతలైతే, ఇంజిన్ 7000 తిరిగినప్పుడు సూపర్‌చార్జర్ 14,000 తిరుగుతుంది. తయారీదారు చెప్పిన హద్దు అంతకంటే పైన ఉందా చూసుకోండి.

బూస్ట్ అక్కర్లేనప్పుడు గాలిని వెనక్కి తిప్పే బైపాస్ వాల్వ్ పరీక్ష కూడా ఇప్పుడే. దాని చిన్న గొట్టాన్ని నోటితో పీల్చండి. వాల్వ్ మీట కదలాలి, వదిలితే తిరిగి రావాలి.

7. గాలి సెన్సర్. గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌ని ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్ ముందు పైపులో పెట్టండి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లోహంలో పెట్టారంటే అది గాలి వేడి చెప్పదు, ఇంజిన్ వేడి చెబుతుంది. ఈసీయూ ఆ అబద్ధం నమ్మి పెట్రోలు తగ్గించేస్తుంది.

8. వాక్యూమ్ గొట్టాలు. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగని టర్బో పక్కనుంచి వదిలే తలుపు) గొట్టం కంప్రెసర్ నోటి దగ్గర నుంచి నేరుగా, ఎవరితోనూ పంచుకోకుండా రావాలి. అది ఊడితే బూస్ట్‌కి హద్దు ఉండదు. రెండు చివర్లా క్లాంపు. పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిర్లు బయటికి పోయే) దారిలో బూస్ట్‌కి గట్టిగా మూసుకునే చెక్ వాల్వ్ పెట్టండి. పాతది బూస్ట్‌లో లీకైతే క్రాంక్‌కేస్ ఉబ్బి, డిప్‌స్టిక్ ఎగిరిపడి, బానెట్ కింద అంతా ఆయిల్ అభిషేకం.

9. స్టార్ట్ చేయకముందే లీకు పరీక్ష. ప్లాస్టిక్ పైపు మూత ఒకటి కొని, మధ్యలో రంధ్రం చేసి సైకిల్ ట్యూబు వాల్వు బిగించండి. దాన్ని టర్బో గాలి పీల్చే నోటికి క్లాంపు వేసి, కంప్రెసర్‌తో మెల్లగా 8 – 10 పీఎస్‌ఐ ఎక్కించండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ప్రతి అతుకు మీదా చల్లండి. బుడగలొచ్చినచోట లీకు. ఆయిల్ ఫిల్లర్ దగ్గర బుస్సుమంటే పీసీవీ వాల్వ్ లీకవుతోందని అర్థం. మొదటిసారి లీకు దొరకని బండి నేనింకా చూడలేదు.

10. ఆయిల్ ఎక్కించి, స్టార్ట్. టర్బోకి ఫీడ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోయండి. 1వ అడుగులో చేసినట్టు పెట్రోలూ స్పార్కూ ఆపి, ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు లేచేదాకా పది సెకన్ల చొప్పున తిప్పండి. అప్పుడు స్టార్ట్ చేయండి. ఐడిల్‌లోనే పది నిమిషాలు ఉంచి, టార్చి పట్టుకుని కింద ఆయిల్, కూలెంట్, పెట్రోలు చూడండి. కొత్త పైపుల మీద నూనె మరకలు కాలి కాసేపు పొగ వస్తుంది, భయపడొద్దు. మంటలార్పే సిలిండర్ మాత్రం చేతికందే చోట ఉండాలి.

11. ట్యూనింగ్. వీధిలో కాదు. డైనో (చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం) మీద, లేదా ట్రాక్ మీద. బూస్ట్‌ని వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఎంత ఇస్తే అంతకే వదిలేయండి. మీకు మ్యాప్ (ఈసీయూ పాటించే పెట్రోలు, టైమింగ్ పట్టిక) రాయడం రాకపోతే డబ్బిచ్చి రాయించుకోండి, సిగ్గేమీ లేదు. రాయించుకున్నా ఈ అంకెలు మీరే చదవగలగాలి:

– ఐడిల్‌లో, సాఫీగా పోతున్నప్పుడు గాలి–పెట్రోలు నిష్పత్తి 14.7 దరిదాపుల్లో
– బూస్ట్‌లో 11.5 – 12.0. 12.5 దాటితే కాలు తీసేయండి
– ఇంజెక్టర్ డ్యూటీ (తెరిచి ఉండే సమయం) 80 శాతం లోపు
– టైమింగ్ మొదలుపెట్టడానికి ప్రతి పీఎస్‌ఐకి 1 డిగ్రీ వెనక్కి. తర్వాత నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలడం) లేకపోతే మెల్లగా ముందుకి

పెట్రోలు 93 ఆక్టేన్ మీద రాసిన మ్యాప్‌తో కాలిఫోర్నియా వెళ్తే అక్కడ బంకుల్లో మామూలుగా దొరికేది 91. దానికి వేరే మ్యాప్ ఉంచుకోండి.

నాకింగ్ వినడానికి ఒక చిట్కా. జానెడు రాగి గొట్టం ఒక చివర సుత్తితో చదును చేసి, రంధ్రం చేసి, బ్లాక్ మీద ఏదైనా ఖాళీ బోల్టు కింద బిగించండి. రెండో చివర రబ్బరు హోసు తొడిగి, చెవులు మూసే ఇయర్ మఫ్‌లోకి పంపండి. వాల్వుల టకటక, ఇంజెక్టర్ల చిటపట ఎప్పుడూ వినిపిస్తాయి. నాకింగ్ అలా ఉండదు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఒక్కసారి విదిలించినట్టు ఉంటుంది. ఒక్కసారి విన్నాక మర్చిపోలేరు. వినిపిస్తే అదే క్షణం కాలు తీయండి, ఇంకోసారి విని నిర్ధారించుకుందాం అనుకోవద్దు.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

బూస్ట్ నాబ్ తిప్పడం అన్నిటికంటే పెద్దది. 7 పీఎస్‌ఐ బాగుంది కదా, 10 ఇంకా బాగుంటుందని. ఈ ఇంజిన్లలో ముందు వంగేది కనెక్టింగ్ రాడ్లు. వాటిని వంచేది హార్స్‌పవర్ కాదు, టార్కు. నేను చక్రాల దగ్గర 220 పౌండ్-ఫీట్లు దాటించను. 5 గేర్ల బాక్సు అయితే 200 దగ్గరే ఆగుతాను. 2001 నుంచి వచ్చిన ఇంజిన్లలో కంప్రెషన్ 10కి 1, నాకింగ్ దగ్గర వాటికి ఇంకాస్త భయం ఎక్కువ పెట్టుకోండి.

రెండోది, రేడియేటర్‌ని మరిచిపోవడం. ఈ ఇంజిన్‌లో కూలెంట్ ముందు నుంచే వచ్చి ముందు నుంచే పోతుంది. వెనక ఉన్న నాలుగో సిలిండర్ ఎప్పుడూ ఎక్కువ కాగుతుంది. వీధిలో పర్వాలేదు. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు కూలెంట్ వెనక నుంచి బయటికి పోయేలా దారి మార్పించుకోండి (రీరూట్).

నీలం పొగ రాగానే టర్బోని తిట్టడం (నాలాగా). ముందు డ్రెయిన్ చూడండి, తర్వాత క్రాంక్‌కేస్ గాలిపోయే దారి. ఆ రెండూ బాగుంటేనే టర్బో.

సూపర్‌చార్జర్ వాళ్లకి: బూస్ట్ 5000 దాకా పెరిగి తర్వాత పడిపోతుంటే యూనిట్ పోలేదు, బెల్టు జారుతోంది. పుల్లీ పక్కన నల్లటి పొడి కనపడుతుంది. అలాగని బెల్టుని వీణ తీగలా లాగి బిగించకండి, అప్పుడు బేరింగులు పోతాయి. బెల్టు కొత్తది వేసి, చుట్టు పెంచేలా ఐడ్లర్ జరపండి.

గట్టిగా తోలి వచ్చి వెంటనే తాళం తిప్పేయడం టర్బోకి మంచిది కాదు. ఆఖరి మైలు మెల్లగా రండి, చాలు.

ఫలితం వచ్చిందా?

కూర్చుంటే వీపు సీటుకి అతుక్కుంది అన్నది కొలత కాదు. కిట్ బిగించకముందు ఒకసారి, బిగించాక ఒకసారి, అదే డైనో మీద చేయించండి. వేర్వేరు డైనోల అంకెలు పోల్చొద్దు. చక్రాల దగ్గర వచ్చే అంకె ఇంజిన్ అంకె కంటే 15 శాతం దాకా తక్కువే ఉంటుంది. 128 ఉన్న బండి 110 చూపిస్తే బెంగ అక్కర్లేదు.

డైనోకి డబ్బు లేకపోతే ఈసీయూ లాగ్ చాలు. ఖాళీగా, చదునుగా ఉన్న ఒకే చోట, ఒకే దిక్కుకి, రెండో గేరులో 3000 నుంచి 6000కి ఎంతసేపు పట్టిందో ముందూ తర్వాతా చూడండి. పవర్ 40 శాతం పెరిగితే సమయం దాదాపు 30 శాతం తగ్గాలి. 4 సెకన్లు పట్టేది 3 లోపుకి రావాలి. రాకపోతే లాగ్‌లో బూస్ట్ గీత చూడండి: అనుకున్నంత రాకపోతే లీకు, వచ్చినా పవర్ లేకపోతే టైమింగో, గాలి వేడో. గాలి ఉష్ణోగ్రత బయటికంటే 30 డిగ్రీలు దాటి ఎక్కుతుంటే ఇంటర్‌కూలర్‌కి గాలి తగలట్లేదు. నంబర్ ప్లేటు అడ్డం ఉందేమో చూడండి. నవ్వకండి, రెండుసార్లు అదే అయింది.

మొదటి 500 మైళ్లకి మ్యానిఫోల్డ్, టర్బో, డౌన్‌పైప్ నట్లు, లేదా పుల్లీలు, బ్రాకెట్ బోల్టులు, చల్లటి ఇంజిన్ మీద మళ్లీ టార్క్ చేయండి. ఆయిల్ మార్చండి. పాత ఫిల్టర్ పారేయకుండా, డబ్బాలు కోసే కట్టర్‌తో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడండి. నల్లటి మసి మామూలే. రంధ్రం వేసినప్పటి అల్యూమినియం ముక్క ఒకటీ అరా దొరికినా సరే. మడత మడతలో సన్నటి మెరుపు పొడి పరుచుకుని, అయస్కాంతానికి అంటుకోకుండా ఉంటే మాత్రం అది బేరింగు. ఆ బండిని ఇక స్టార్ట్ చేయకండి, పాన్ దించి చూడండి.